మేకు దిగిన చోటు

కాశీబుగ్గలో రైలు గేటుకి ఇవతల
నాదీ కూర్మాచారిదీ ఒకటే రేకుల షెడ్డు.
ఆయనది చెక్క, నాది ఇనుము.
మధ్యన గోడ లేదు.
నా నిప్పురవ్వలు ఆయన రంపప్పొట్టులో పడకుండా
నీళ్ళ బకెట్టొకటి కాపలా.

తిత్లీ వెళ్ళిన ఏడాది నుంచీ
మా షెడ్డుకి కొత్త చెక్క రావడం మానేసింది.
కూలిన పనసలు, కప్పు లేచిపోయిన ఇళ్ళ దూలాలు,
భావనపాడు నుంచి ఒక పడవ పక్కపలక.
చిత్రిక పడితే చేప వాసన రాదు దానికి,
ఇంకా జీడినూనె వాసనే.
నాకేమో మూతపడ్డ జీడి ఫ్యాక్టరీ డ్రమ్ములు,
ఉద్దానంలో పీకేసిన బోరు పైపులు.

పైపుని కోస్తే లోపల తెల్లటి పొర.
సుత్తితో కొడితే పెంకులు పెంకులుగా రాలింది.
"ఇదేటి తాగినాం ఇన్నాళ్ళూ?" అన్నాడు చారి.
నేను వెల్డింగు అద్దం ముఖమ్మీదికి దించుకున్నాను.

విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు,
కాఫీ హోటలు పెడతాడట, పన్నెండు బల్లలు కావాలట.
"బొక్కలు పూడ్చకండి. తుప్పు తియ్యకండి.
పైన వార్నిష్ చాలు. పాతదనం కనపడాలి."

చారి నలభై ఏళ్ళు
లక్కా రంపప్పొట్టూ బంకా కలిపి
బొక్కల్ని దాచిన మనిషి,
మళ్ళీ తానే వెతికినా దొరకనంతగా.
ఆ రాత్రి అన్నాడు:
"ఒరే లింగం, దెబ్బక్కూడా బేరమొచ్చింద్రా."
నవ్వాడో, బీడీ పొగకి దగ్గాడో.

తలుపులు బుడ్డెమ్మవి, వజ్రపుకొత్తూరు పక్కన.
పనస చెక్క. ఒకప్పుడు పసుపు, ఇప్పుడు బెల్లం రంగు.
రెండు రెక్కలూ కలిపి పదహారు వందలకి ఇచ్చింది.
ఒక రెక్కకి లోపలివైపు, భుజమెత్తున, మేకు.
మేకు కింద చంద్రవంకలా అరిగిన చెక్క.

హోటలాయన దాన్ని వేలితో తడిమాడు.
"ఇది భలే ఉంది. ఇది పైకే రావాలి."

మేం అడగలేదు,
ఆటోలోకి ఎత్తుతుంటే బుడ్డెమ్మే చెప్పింది.
ఆ మేక్కి ఆసుపత్రి సంచి ఉండేది.
వారానికి రెండుసార్లు తియ్యడం, తగిలించడం,
ఐదేళ్ళు.
తలుపు తీసినా వేసినా సంచి ఊగేది,
లోపలి ఫైలు మూల చెక్కని గీకేది.
"ఆడు పోయినాక కూడా నాను తియ్యనేదు బాబూ.
గాలే తీసుకుపోనాది."

చారి ఆ పలక ముందు రెండు రోజులు కూర్చున్నాడు.
కొలిచాడు. పెన్సిలు గీత గీశాడు, చెరిపాడు.
కొలత తప్పే మనిషి కాడు.
మూడోరోజు ఆ మూరెడు ముక్కా కోసి పక్కన పెట్టి
ఖాళీలో పడవ పలక అతికాడు.
దాంట్లో ఒక మేకు దిగ్గొట్టి, పీకి,
దాని కింద ఉలితో, ఇసక కాగితంతో
రుద్ది రుద్ది ఇంకో చంద్రవంక చేశాడు.
టీ డికాషన్ పూసి ముసలిదాన్ని చేశాడు.

అబద్ధం అంత నున్నగా అతుకుతుందని
నేనూ అప్పుడే చూశాను.

లారీ వెళ్ళిపోయింది.
ఆ బల్ల మీద ఇప్పుడెవరో కప్పు పెట్టి,
ఆ వంపుని తడిమి, ఫొటో తీసుకుంటూ ఉంటారు.
తీసుకోనీ.

మిగిలిన ముక్కకి నేను కాళ్ళు పెట్టాను, బోరు పైపువే.
లోపలి తెలుపంతా రాల్చి, కడిగి, మూడే కాళ్ళు.
"మూడయితే ఏ నేల మీదా ఊగదు," అన్నాడు చారి.
ఊగకూడదన్నది ఒక్కటే ఆయన అడిగింది.

బుడ్డెమ్మ పీట మీద కూర్చోలేదు.
తిరగేసి చూసింది, మళ్ళీ నిలబెట్టింది,
ఆ అరుగుదల మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు ఏమీ అనలేదు.
ధర అడగలేదు.
"మరి మేకేదీ?" అంది.

చారి నా వైపు చూశాడు.
మరునాడు షెడ్డులో డబ్బాలో చెయ్యి పెట్టాను.
కిలోల కొద్దీ మేకులు.
అన్నీ వంకరవే, అన్నీ తుప్పువే,
ఏ ఇంటిదేదో ఏ దేవుడికీ తెలీదు.
చేతికందినది ఒకటి తీసి
కాగితంలో చుట్టి పట్టుకెళ్ళి ఇచ్చాను.

వెలుతురులోకి తీసుకెళ్ళి
అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇదే," అంది.