ఆఖరి పిడికెడు

మాట తక్కువ మనిషికి నోరమ్మ అని పేరు పడ్డది.
నోరా సిస్టర్. ఐర్లాండ్ నుంచి వచ్చి
దేవరకొండ దిక్కు మిషన్ దవాఖానల
ముప్పై ఏండ్లు పుండ్లు కడిగింది.
ఆమె వెనక దూది డబ్బా మోసేటోణ్ణి నేను.

ఆ యేడు ఈదమ్మ చేన్ల జొన్నకోత.
తెగిన వేలుకు కట్టు కట్టి తలెత్తితే
చేనంత పడ్డది, మూలకు పిడికెడు కంకులు
నిలబడే ఉన్నయి. ఎవరూ ముట్టరు.

"మా ఊర్ల గూడ అంతే" అన్నది నోరమ్మ.
"దూరం నుంచి కొడవండ్లు ఇసిరేటోళ్ళు,
ఎవరి కొడవలికి తెగిందో తెలవకుండ.
దాని పేరు ముసలవ్వ.
అందరికంటె ఎనుక కోసినోళ్ళు
చలికాలమంత దాన్ని సాదాలె."

ఈదమ్మ పకపక నవ్వింది:
"ముసల్దాన్ని సాదుడు మీకాడ గూడ బరువేనా?"

ఇంకో ముచ్చట. మనం బోనమెత్తే నెలల
వాళ్ళు తొలి పంట కోసి గుట్టెక్కుతరంట,
పరికి పండ్లసొంటి నల్ల పండ్లు ఏరుకుంట.
మాకప్పుడు ఇంక మొలకే రాదు.
ఈదమ్మ జరసేపు ఆగి అన్నది:
"అయితే ఎప్పుడు చూసినా ఏడనో ఓకాడ కోతే."

ఆ పిడికెడు జడలెక్క అల్లి
వార్డు కిటికీకి కట్టింది నోరమ్మ.
పిచ్చుకలు వారంల ఊడ్చినయి.
గడ్డి మాత్రం ఆమె పోయినంక గూడ ఉన్నది.

ఇప్పుడు నా చెల్కల బోరు కింద వరి.
కోత మిషను మూలకు తిరగక కొంచెం మిగిలింది.
"రివర్స్ తీస్త" అన్నడు డ్రైవర్.
వద్దన్న.
నా అల్లుడు గులుగుతనే ఉన్నడు.

గట్టు మీద కూసున్న, కొడవలి పక్కన పెట్టుకొని.
ఇసిరే బలం లేదు.