ఫ్రిజ్‌లో రెండో అర

ఉత్తరం వచ్చిన పూట
ఓస్లా గొర్రెల దొడ్లో ఉంది, మోచేతులదాకా బురద.
"చదువు మెరన్" అంది. చదివాను.
"మళ్లీ చదువు."
మా వంతు వచ్చిందని రాశారు.
పేరు రాయించుకున్నాక మా గొర్రెలు
రెండుసార్లు ఈనాయి.

లెర్విక్ నుంచి అబర్డీన్‌కి రాత్రంతా ఓడ.
సంబరా లైట్‌హౌస్ దాటాక సముద్రం
ఉయ్యాల ఊపడం చేతకానివాడిలా ఊపుతుంది.
నేను వాంతి చేసుకుంటుంటే జుట్టు వెనక్కి పట్టుకుని
"వేవిళ్లకి రిహార్సల్" అంది ఓస్లా.

ఆస్పత్రి కాగితంలో ఒక్కచోట ఇంకా
'భర్త' అని ఉంది. ఏ కాలం కాగితమో.
నర్సు ఇష్బెల్ ఆ మాట కొట్టేసి
పైన ఓస్లా పేరు రాసింది,
కూడికలో తప్పు దిద్దే టీచరమ్మలా, తలెత్తకుండానే.
దాతల వివరాలు చూపించింది:
ఎత్తు, కళ్ల రంగు, చేసే పని.
'వడ్రంగి' దగ్గర ఓస్లా వేలు ఆగింది.
"మన దొడ్డి తలుపు ఆరేళ్లుగా ఊగుతోంది" అంది.
నవ్వే చోటు కాదు. నవ్వాం.

లేచేముందు, అలవాటుకొద్దీ పర్సు తీశాను.
"ఎంతైంది?"
"ఎప్పుడో కట్టేశారుగా."

కట్టిందెవరు?
తిరుగు ఓడలో అదే లెక్క.
ఖాళీ చేపల లారీతో ఇంటికెళుతున్న ఆ కుర్రాడు,
నోరు తెరిచి నిద్రపోతున్న స్కూలు వంటావిడ,
మా పెళ్లికి రానని మొహమ్మీదే చెప్పిన
గిబ్బీ చిన్నాన్న.
వాళ్ల జీతాల్లోంచి, పింఛన్లలోంచి తలా ఓ పిసరు
నా ఒళ్లో ఈ సంచిలో ఉంది.
గిబ్బీ చిన్నాన్నకి తెలీదు.
తెలిస్తే తన చిల్లర తనకిమ్మంటాడు.
అనడేమో కూడా.
కిందటి చలికాలం మా గొర్రెపిల్ల గోతిలో పడితే
పిలవకుండానే తాడు తెచ్చింది ఆయనే.

మందులు చల్లగా ఉండాలి.
క్యాంటీన్ ముసలాయన ముందు సంచి పెట్టి
ఎక్కణ్ణించి మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాను.
"చల్లగా ఉండాలి, అంతేగా?"
ఫ్రిజ్ తెరిచాడు.
రెండో అరలో వెన్న పక్కకి జరిపి
మీగడ సీసాల మధ్య చోటు చేశాడు.
రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి చూశాను.
రెండోసారి ఆయన విసుక్కున్నాడు:
"ఎవరూ తినరమ్మా, పడుకో."

ఇవాళ మొదటి సూది.
వంటింట్లో చొక్కా పైకెత్తి నిలబడ్డాను.
కెటిల్ మరిగి మరిగి దానంతటదే ఆగింది.
ఏటా నాలుగొందల గొర్రెలకి
మాట్లాడుతూ మాట్లాడుతూనే టీకాలు వేసే చెయ్యి
బొడ్డు పక్కన రెండు వేళ్ల దూరం కొలిచి
అక్కడే ఉండిపోయింది.
"కదలకు" అంది ఓస్లా.
నేను కదల్లేదు.
ఆమె చెయ్యే.