జేబు

బ్రాడ్‌ఫర్డ్ లైబ్రరీలో ఉర్దూ అలమర ఖాళీ చేసిన రోజు
ఇరవై పెన్నీలకి దొరికిందీ పత్రిక.
అట్ట లేదు. ఏ నెలదో తెలీదు.
రచయిత్రి పేరున్న చోట రెండు పొడి అక్షరాలు.
పురుగు కొరికిన అంచుల్లోంచి
బట్టలుతికే మనిషొకామె నావైపు చూసింది.

నేను బస్సు నడుపుతాను.
చివరి స్టాపులో పదకొండు నిమిషాలు ఆగాలి.
స్టీరింగు మీద నోటుబుక్కు ఆనించి
రోజుకి నాలుగు వాక్యాల లెక్కన
ఆమెని ఇంగ్లీషులో దింపాను.

కథ పెద్దదేం కాదు.
గుజ్రాన్‌వాలా సందులో షఫీకన్‌కి
శుక్రవారం శుక్రవారం ఒకే చొక్కా జేబులో
చెమటకి మెత్తబడ్డ ఉత్తరం దొరుకుతుంది,
పోస్టు చెయ్యని ఉత్తరం.
చదవడం రాదు.
ఎండలో ఆరబెడుతుంది,
సిరా అలుక్కుపోకుండా పైన పల్చటి గుడ్డ పరిచి
ఇస్త్రీ చేస్తుంది,
ఏ మడతకా మడత, ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది.
ఒక శుక్రవారం జేబు ఖాళీ.
షఫీకన్ చెయ్యి లోపలికి పోనిచ్చింది...

అక్కడ కాయితం లేదు.
నాలుగు లైన్లు పట్టేంత కన్నం.

చెప్పేస్తున్నాను, ఆ నాలుగూ నేనే రాశాను.
"ఒక తెల్లకాయితం తీసుకుంది.
మడిచింది. ఇస్త్రీ చేసింది.
ఆ జేబులో పెట్టింది.
ఆమెకి రాయడం వచ్చిన ఉత్తరం అదొక్కటే."
రాసి, బాగుందనుకుని, పంపేశాను.

త్రోమ్సోలో చేపలు కోసే సోల్వి
మధ్యాహ్నం చీకట్లో, భోజనాల బల్ల దగ్గర
నార్వేజియన్‌లో పైకి చదివిందట.
"రెండు నెలలుగా మాకు సూర్యుడు లేడు,
ఆమె ఉత్తరం ఆరబెట్టిన పేరా మళ్లీ చదవమన్నారు" అని రాసింది.
మొంబాసాలో దర్జీ మ్వనజూమా ఒకటే అడిగింది:
జేబు ఎడమ పక్కా, కుడి పక్కా?
గుండె మీదైతే కుట్టు వేరు.
కథంతా వెతికాను. లేదు.
ఇజ్మీర్ నుంచి షుక్రాన్:
"నువ్వు పాకెట్ అన్న ప్రతిచోటా జెప్ అని రాశాను, సరేనా?"
బస్సులో గట్టిగా నవ్వాను, వెనక సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు.
మా ఇంట్లో జేబ్,
నా చేతిలో ఇంగ్లీషు కోటు తొడుక్కుని వెళ్లింది,
ఇజ్మీర్‌లో దిగీ దిగగానే కోటు విప్పి
కొక్కేనికి తగిలించేసింది.

ఆ తర్వాత క్వెట్టా నుంచి ముస్తన్సిర్ సాహెబ్ కవరు.
అదే పత్రిక, అదే పేజీ, చెక్కుచెదరకుండా.
షఫీకన్ చెయ్యి లోపలికి పోనిచ్చింది.
కథ అయిపోయింది.
దాని కింద, గళ్ల గీతల మధ్య,
పళ్లపొడి ప్రకటన.
ముత్యాల్లాంటి పలువరుస, డబ్బా రెండు రూపాయలు.

పురుగు తిన్నది పళ్లపొడిని.
నేను కథ రాసింది పళ్లపొడి మీద.

అందరికీ రాశాను. ఆ నాలుగు లైన్లు ఆమెవి కావు,
చింపెయ్యండి, మన్నించండి.
తొమ్మిది రోజులు ఎవరూ పలకలేదు.
తర్వాత సోల్వి:
"తీసేశాను. ఇప్పుడామె చెయ్యి జేబులోనే ఉండిపోయింది.
షిఫ్టు దిగి నడుస్తుంటే నా చెయ్యి కూడా."
షుక్రాన్ అప్పటికే నలభై కాపీలు అచ్చేయించింది,
నలభైటి మీదా తనే కూర్చుని
తెల్లకాయితం ముక్కలు అంటిస్తోందట.
తెల్లకాయితమే, చూడండి.

మ్వనజూమా మాత్రం తియ్యనంది.
"ఎవరు రాస్తే నాకేం?
కుట్టిన ప్రతి చొక్కా జేబులో మడిచిన కాయితం పెడుతున్నాను.
ఇంతవరకూ ఒక్కరూ తిరిగి తెచ్చివ్వలేదు."

నిన్న మొంబాసా నుంచి పార్సిలొచ్చింది.
నీలం చారల చొక్కా.
నా కొలతలు ఆమెకెలా తెలిశాయో.
జేబు కుడి పక్కన ఉంది.

ఇవాళ అదే తొడుక్కున్నాను.
చివరి స్టాపు. వాన. ఇంజను ఆపాను.
లోపల చెయ్యి పెట్టి చూడలేదింకా.
బయల్దేరడానికి తొమ్మిది నిమిషాలుంది.