ఉప్పు పడవ, ఆఖరి ఆట

హాలు గుమ్మం పక్క పలక మీద సుద్దతో రాశారు:
ఈ ఆదివారంతో సరి.
ఎవరో వేలితో తుడపబోయినట్టున్నారు,
"సరి" ఒక్కటే చెరిగింది.

నూట డెబ్భై ఆరు ఆటలు.
నేను చూసినవి నలభై మూడు. టిక్కెట్టు ముక్కలు
కుట్టుమిషను సొరుగులో
దారపుండల మధ్య ఎక్కడో ఉంటాయి.
యతిరాజులు నాయుడుగారు తనవి తొంభై అంటాడు.
నమ్మను. మొదటి అంకం సగం ఆయన నిద్రలోనే.
నిద్రలో కూడా మోకాలి మీద తాళం తప్పడు,
అది వేరే సంగతి.

పులికాటులో ఉప్పు మూటలు ఎక్కించుకుని
కాలువ మీద మద్రాసుకి బయల్దేరిన పడవ.
తెర పడేదాకా రేవు చేరదు.
ఇంతే కథ.
దీనికి మూడేళ్ళుగా ఏడుస్తున్నావా అంటాడు మా ఆయన,
క్రికెట్టు చూస్తూ.

మాకు తెలియనిది ఏముంది అందులో!
రెండో రంగంలో లాంతరు ఆరిపోతుంది,
దావీదుగారి హార్మోనియంలో పై గాంధారం మూగది,
ఆ మెట్టు వచ్చేచోట వకుళ గొంతు
ఆయన వేలి కిందికి వచ్చి నిలబడుతుంది.
తుపాను రాత్రి కరెంటు పోతే
సెల్‌ఫోన్ల వెలుగులో పడవ నడిపిందామె.
ఆ రోజు రానివాళ్ళు కూడా
వచ్చామనే చెప్పుకుంటారు.
నేనూ రాలేదు.
ఇవాళ చెప్పేస్తున్నాను, ఇంకెవరితో పోటీ?

ఎందుకు ఆపుతున్నారో ఎవరూ తిన్నగా చెప్పరు.
హాలు అద్దె అన్నారు. వకుళ గొంతులో కాయ అన్నారు.
పెరంబూరు స్టేషను మెట్ల మీద హంసవేణి మాత్రం
"మనమే ఆపాం.
వాన అనీ ఎండ అనీ ఎన్ని ఆదివారాలు ఎగ్గొట్టలేదు?" అంది.
ఆ తర్వాత చాలాసేపు
ఎవరి చేతిలో సుండల్ పొట్లం వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది.

ఆ పాట వచ్చింది.
రేవూ, ఓ రేవూ, ఇంకెంత దూరమే...
ఎప్పుడూ రెండో చరణానికి హాలంతా అందుకునేది.
ఈ ఒక్కసారి విందామనుకున్నాం.
ముందుగా మాట్లాడుకోలేదు, ఎవరికి వాళ్ళమే
నోరు మూసుకున్నాం.
వకుళ ఆగిపోయింది.
చేతిలో గెడ, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని
దీపాల అవతలికి, మాలోకి చూసింది,
మెట్టు దిగబోయిన కాలికి మెట్టు దొరకనట్టు.
అప్పుడు వెనక వరసలోంచి, శ్రుతి లేకుండా, బొంగురుగా,
ఆటో ఏళుమలై.
అంతే, మేమంతా.

తెర పడ్డాక ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ వెళ్ళలేదు.
పలకల పడవని మేకులు ఊడదీసి టెంపో ఎక్కిస్తున్నారు.
హంసవేణి ఉప్పు మూట కుట్టు విప్పి
వేలితో అద్దుకుని నాలుక మీద వేసుకుంది.
నాకేసి చూసింది.
ఉప్పు కాదు.
బొంబాయి రవ్వ.
నాయుడుగారు పడీ పడీ నవ్వాడు,
నవ్వుతూ నవ్వుతూ కుర్చీ వెతుక్కున్నాడు.
నేను పొట్లం కట్టుకున్నాను ఒక గుప్పెడు.

ఏళుమలై ఆటోలో ఇంటికి.
తెలుగు చదవడం రాదు అతనికి, మాట్లాడేది కూడా ముక్కలే,
పాటలన్నీ పొల్లుపోకుండా వచ్చు.
బేసిన్ బ్రిడ్జి మీద బండి నెమ్మదించాడు.
కింద అదే కాలువ,
నల్లగా, కంపుకొడుతూ, ఎటూ పోకుండా.
"అక్కా, ఒకటి అడగనా?
ఆ రేవు పిల్ల ఉందే, పాటలో పిలుస్తారే,
ఆ పిల్ల చివరికి దొరికిందా, లేదా?"

మూడేళ్ళుగా రేవు అంటే
ఏ రేవతో అనుకున్నాడు.
ఆఖరి రంగంలో ప్రతిసారీ తల దించుకునేవాడు,
ఇప్పుడు తెలిసింది ఎందుకో.
చెప్పబోయాను, ఆ మాటకి అర్థం.
అద్దంలో అతని కళ్ళు నా మీదే ఉన్నాయి.

"దొరికింది," అన్నాను.

"నాకు తెలుసక్కా," అని
హారన్ కొట్టాడు,
ముందు ఒక్క బండీ లేకపోయినా.