చేటెడు తవుడు

ముప్పై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను
సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, టార్పాలిన్ కింద.
లింకు కాగితాలు తవ్వుతూ ఇంత అడుక్కి ఎప్పుడూ దిగలేదు.
చెదలు తినగా మిగిలిన పేరు:
శామ్యూల్ ప్రెంటిస్, వర్తకుడు, విశాఖపట్నం.

మా వాళ్ల నోట ఆయన పెంటయ్య దొర.
బ్రోచరులో ఓషన్ క్రౌన్ అని వేసుకున్నా
ఆటోవాడికి చెప్పాల్సింది పెంటయ్య మెట్ట అనే.

ఓడ దిగినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక దగ్గు.
తర్వాత బట్టల కోఠీ.
పుంజాలు లెక్కపెట్టే వేలు ఆయనది,
పోగు తగ్గితే తాను తానంతా తిప్పికొట్టే వేలు.
దేవాంగుల వీధిలో బయానాగా ఇచ్చిన వెండి
మగ్గం గుంటలోకి మనిషిని దింపింది గానీ
పైకి తియ్యలేదు.
తాత నూకన్న బాకీని మనవడు నూకన్న నేశాడు.
ఆ నూకన్నలది మా ఇంటిపేరే.
అది దస్తావేజులో రాయనక్కర్లేదు.

శిస్తు కట్టలేని ముఠా ఒకటి
కచ్చేరీ అరుగు మీద వేలానికొచ్చింది.
మూడో డప్పు దెబ్బకి పదకొండు ఊళ్లు,
నాలుగు చెరువులు, ఒక ఉప్పుమడి,
తాటితోపు, తాటితోపులో గిజిగాడి గూళ్లతో సహా
ఆయనవైపోయాయి.
మర్నాటినుంచి గజంబద్ద ముట్టుకోలేదట.
పల్లకీ. వేటకుక్కలు.
దంతపు పెట్టె మీద, తన వంశంలో ఎన్నడూ లేని సింహాన్ని
కంసాలి చేత చెక్కించుకున్నాడు.
తాత మేకులు కొట్టిన కమ్మరి అని దుబాసీకి ఒక్కడికే తెలుసు.
దుబాసీ జీతం పెరిగింది.

మెట్ట మీద బంగళా, పన్నెండు తలుపులూ సముద్రానికే.
గాలొచ్చింది. గాలివెంట జ్వరమూ వచ్చింది.
మూడు కాన్పులు, మూడు చిన్న రాళ్లు.

నాలుగోది ఆడపిల్ల.
ఆయా అసిరమ్మ ఎవర్నీ అడగలేదు.
ఇంకా తెల్లారకుండానే గుర్రాలసాల వెనక
పెంటకుప్ప మీద పడుకోబెట్టింది పిల్లని.
కొరడాతో పరుగెత్తుకొచ్చాడు దొర.
అప్పటికే బిడ్డని ఎత్తి చంకనేసుకుంది:
"ఎవులికీ అక్కర్నేక పారేసిన గుంట. ఇప్పుడు నాది.
నీకు కావాల్నా? కొనుక్కో.
సేటెడు తవుడు."

జీవితమంతా బేరమాడినవాడు
కాసేపు అలాగే నిలబడ్డాడు.
కొరడా నేలన పెట్టి
గుర్రాలసాలలోకి వెళ్లి
తన చేతుల్తో చేట నింపుకొచ్చాడు.

నాకెలా తెలుసంటారా,
పాత కట్టలో పొరపాటున కుట్టేసిన ఖాతా రేకు ఒకటుంది.
తవుడు, ఒక చేట. ఎదురుగా ధర గడి ఖాళీ.
పిల్ల బతికింది.
కాగితాల్లో షార్లెట్, మెట్ట దిగువన తవిటమ్మ.
తండ్రికి ఊరు పెట్టిన పేరు మీకు చెప్పాను కదా.

అక్కడితో రేకు మూసేస్తే బాగుండేది.
వెనకవైపు తిప్పాను.
వానల్లేని ఏడాది. అదే చేతిరాత, కాస్త వణుకుతూ:
తవుడు, నూకన్న కోడలికి, తినడానికి, కుంచెడు.
తిరుగు కుంచెడున్నర.
కింద నిలువుగా ఒక నిశానీ.
తర్వాత ఆమె పేరు ఎక్కడా లేదు.
ఆ కుంచెడూ ఒడిలో పోసుకుని ఎంత దూరం నడిచిందో
ఏ కాగితమూ చెప్పదు.

హద్దులు రాస్తున్నాను.
తూర్పు: సముద్రం.
దక్షిణం: మూడు చిన్న సమాధులు, పక్కన పెద్దది, సింహం ముక్కు ఊడింది.
పడమర: గుర్రాలసాల ఉండినచోటు, ప్రస్తుతం జనరేటరు షెడ్డు.
ఉత్తరం దగ్గర ఆగాను, టీ చల్లారిపోయింది.
కొనేవాడు తొందరపడుతున్నాడు,
"ఈశాన్యం ఖాళీయే కదండీ?"
ఖాళీయే అన్నాను.

లోపల యంత్రం మీద వేలు పెట్టాడు.
పడలేదు.
చొక్కాకి తుడుచుకుని
మళ్లీ పెట్టాడు.