తరుగు

నగర్తపేటలో మా నాన్న దుకాణం
రెండు గజాల వెడల్పు.
ఒక కుంపటి, ఒక పట్టకారు,
ఎప్పుడూ వంగే ఉండే ఆయన మెడ.
పొద్దుపోయాక నేలంతా కుంచెతో ఊడ్చి
ఆ దుమ్మును డబ్బాలో దాస్తాడు.
దానికీ అందని మిణుకుల కోసం
బయట మోరీ మట్టి కడిగేవాళ్లు కాచుకునుంటారు.
బంగారం చెడదు, దారి తప్పుతుందంతే
అంటాడు.

యశ్వంతపురం దగ్గర ఏసీ గదిలో
నేనూ ఆ పనే చేస్తున్నాను.
గురివింద ఎత్తు బంగారాన్ని
కోటి కోట్ల పైచిలుకు పూసలు చేస్తాను.
సుత్తి లేదు. మరిగే నీళ్లు, చిటికెడు సిట్రేటు.
ముందు లేత పసుపు.
తర్వాత ఏ రంగూ ఉండదు.
తర్వాత కాసేపు సిరా నలుపు,
అప్పుడు చూడాలి,
దానిమ్మ గింజ చిదిమినట్టు ఎరుపు!
నేరేడు రంగుకు తిరిగిందా, పూసలు ముద్దకట్టినట్టే.
పారబోసి మళ్లీ మొదలు.

మొదటిసారి సీసా ఇంటికి తెస్తే
నాన్న దీపానికెత్తి చూసి
"బంగారానికి సిగ్గేసిందే" అన్నాడు.

ఒక్కో పూస వీపున ఇంత మందు.
ఒక్కో పూసకు ఒక కొక్కెం,
గడ్డ కణం మీది కొండీని తప్ప
దేన్నీ పట్టుకోనిది.
కాగితం మీద ఎంత అందంగా ఉంటుందో.
ఎలుక తోక నరంలోకి ఎక్కిస్తాను.
మర్నాడు ఒక్కో అవయవాన్నీ కరిగించి
ఎక్కడెంత బంగారముందో లెక్క తీస్తాను.
నేనూ మోరీ మట్టి కడిగేదాన్నే.

"తరుగెంత?" అన్నాడు నాన్న అన్నం కలుపుకుంటూ.
నూటికి తొంభైతొమ్మిదికి పైనే.
కాలేయంలో, ప్లీహంలో.
గడ్డకు చేరింది ఒకటైనా లేదు.
ముద్ద చేతిలోనే ఆగింది.
"నూటికి ఎనిమిది వేస్తేనే నన్ను దొంగంటారు కదే!"

గురివిందకు తన కింది నలుపు తెలియదంటారు.
మాకు తెలుసు.
గ్రాఫులో పొడుగాటి నల్ల గీత గీసి
కింద కాలేయం అని రాస్తాం.

బుధవారాలు ఐసు పెట్టె పట్టుకుని
హోసూరు రోడ్డు ఆసుపత్రికి పోతాను,
కోసిన గడ్డల ముక్కల కోసం.
అక్కడ చౌడమ్మ, బాగలూరు పక్క పల్లె.
చెవి బెజ్జాల్లో వేపపుల్లలు.
కాగితం మీద వేలిముద్ర వేసి, ఏం చేస్తావని అడిగింది.
చెప్పాను.
"కమ్మలమ్మి మూడు సూదులేయించుకొంటి.
ఇంక బంగారునే సూదిలో పోస్తారా మీరు?"
ఇంకా ఎలుకను దాటి రాలేదమ్మా అన్నాను.
"ఎలకలకు బంగారు!"
నవ్వుతూ నవ్వుతూ కుట్లు పట్టుకుంది.

ఆ రాత్రి నాన్ననే అడిగాను,
దారిలో దేనికీ తగులుకోకుండా
చోటు రాగానే తగులుకునే కొక్కెం ఎట్లా?
ఆయన పాత గొలుసు చింతపండు నీళ్లలో వేస్తున్నాడు.
"ఎక్కడ ముసుగు తియ్యాలో దానికి తెలియాలి మరి."
గొలుసు మెల్లగా మురికి విడుస్తోంది.
గిన్నె వంకే చూస్తుండిపోయాను.
గడ్డ చుట్టూ ఊట పులుపు,
నెత్తురు కాదు.
(ఇది కొత్త సంగతేం కాదు. నాకు ముందే
ఎందరో రాసిపెట్టారు, చదివాను కూడా.
చదవడం వేరు, చింతపండు చెప్పడం వేరు.)

కొక్కేనికి ముసుగు తొడిగాను,
పులుపు తగిలితే తప్ప జారనిది.
పదకొండు నెలలు.
ఎన్ని నేరేడు సీసాలు పారబోశానో.

నిన్న లెక్క వచ్చింది. గడ్డలో ఒకటీ ముప్పావు.
"తరుగు తొంభై ఎనిమిదింపావు నాన్నా."
ఆయన తల ఎత్తలేదు.
కుంచె మాత్రం ఆగింది.

ముక్కల డబ్బాల మీద పేర్లుండవు, అంకెలే.
చౌడమ్మ ఎట్లా ఉందో నాకు చెప్పరు.
నలభై ఒకటో నంబరు మటుకు
నా పళ్లెంలో ఇంకా పెరుగుతోంది.
దాన్ని చంపాలి,
దాన్ని మాత్రమే.

నీళ్లు మరుగుతున్నాయి.
పసుపు పోయింది.
ఇంకా ఏ రంగూ లేదు.