ఏ పద్దు కింద?

ఇరవై తొమ్మిదేళ్లు తార్నాకలో
ఒక ప్రభుత్వ ప్రయోగశాల అకౌంట్స్ సెక్షన్లో కూర్చున్నాను.
సూక్ష్మదర్శినిలో ఒక్కసారీ కన్ను పెట్టలేదు.
నేను చూసిందల్లా పద్దులు:
పరికరాలు, ప్రయాణాలు, జీతాలు, చిల్లర ఖర్చులు.
ఒక కుండలో నీళ్లు ఇంకో కుండలోకి వంచకూడదు,
నాకు తెలిసిన శాస్త్రం అదొక్కటే.

ఉజ్మా యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వచ్చేది.
చాదర్‌ఘాట్ కింద, మూసారాంబాగ్ దగ్గర, నాగోలు దాటాక
సీసాలతో మూసీ నీళ్లు పట్టేది.
మందులకు లొంగని క్రిములేవో ఉన్నాయట అందులో,
ఎక్కడ పుట్టి, ఎక్కడ బలిసి, ఎవరింటికి పోతున్నాయో
తేల్చడం ఆమె లెక్క.
నా లెక్క వేరే.
సీసా ఒక్కంటికి పదకొండు రూపాయలు,
ఆటోకి రసీదు లేదు.

ఫైలు మీద ఎర్ర సిరాతో రాశాను:
"అదే నది నీళ్లు ప్రతి నెలా ఎందుకు పట్టవలసి వచ్చినదో
వివరణ కోరడమైనది."
కింద ఆమె జవాబు, మూడే మాటలు:
"ఇంకా తెలియలేదు కనుక."

ఢిల్లీ ఫారంలో తొమ్మిదో గడి
ఆశించిన ఫలితం ఏమిటని అడుగుతుంది.
ఆలు లేదు, చూలు లేదు,
ఆ గడిలో సోమలింగం పేరు మాత్రం నింపాలి.
నింపాం. స్పెల్లింగు తప్పని ఒకసారి తిరిగొచ్చింది.

ఆమెకి ఏడు నెలలు ఫెలోషిప్ రాలేదు.
ఎట్లా గడిచిందమ్మా అంటే
"అమ్మీ జర్దోసీ కుడ్తది సార్, నడిచింది" అంది,
ఇంకేదో అడుగుతానేమోనని తొందరగా వెళ్లిపోయింది.

పైసలు రావని కాదు.
మార్చి ముప్పైన, సాయంత్రం నాలుగున్నరకి వచ్చేవి,
రేపటిలోగా ఖర్చు చేయండి, లేదా వెనక్కి పంపండి అంటూ.
ఏడాదంతా ఎండబెట్టి
ఒక్క రాత్రి గండిపేట గేట్లెత్తినట్టు.
అట్లా హడావిడిలో కొన్న యంత్రమొకటి
ఇప్పటికీ మెట్ల కింద అట్టపెట్టెలోనే ఉంది,
సెక్యూరిటీ వాళ్లు దాని మీద టిఫిన్లు పెట్టుకుంటారు.

మే నెల, ఆదివారం.
మైనస్ ఎనభై ఫ్రీజరు కంప్రెసర్ ఆగిపోయింది.
మూడేళ్ల నది అందులో ఉంది.
మరమ్మతుల పద్దులో మిగిలింది రెండు వందల ఆరు రూపాయలు,
పరికరాల పద్దులో నాలుగు లక్షలు, ముట్టుకోకూడదు.
గాజుసామాను కడిగే పోశెట్టి
నాచారంలో ఐస్‌క్రీమ్ గోడౌను తలుపు బాది
పొగలు కక్కే మంచు గోనెసంచిలో తెచ్చాడు.
"చలికి గూడ చేతులు కాల్తయ్ సార్" అని
మర్నాడు బొబ్బలు చూపించాడు.
ఇద్దరూ తెల్లారేదాకా గంటగంటకీ పోశారట.

నా బల్ల మీద బిల్లు, చేత్తో రాసింది.
నంబరు లేదు, ముద్ర లేదు.
పద్దెనిమిది వందల నలభై.
ఏ పద్దు కింద? నోటిదాకా వచ్చింది.
స్టేషనరీ కింద రాసేశాను.
జన్మలో నేను చేసిన ప్రయోగం అదొక్కటే.

ఆడిట్ వాళ్లు పట్టుకున్నారు.
"మంచు ఏ విధముగా లేఖన సామగ్రి అగునో తెలుపవలెను."
రిటైరై రెండేళ్లు. ఆ పేరా తేలలేదు,
గ్రాట్యుటీలో కొంత ఆగిపోయింది.
జవాబు రాస్తాను, చించేస్తాను.
మా ఆవిడ ఆ కాగితాల్లో కరివేపాకు చుడుతుంది.

నిన్న చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగింది.
అందరూ ముక్కులు మూసుకున్నారు.
కిటికీలోంచి వంగి చూశాను.
ఇన్నేళ్లలో మొదటిసారి.
నురగ, నల్లటి నీళ్లు,
అంచున ఒంటికాలి మీద కొంగ.
చాలాసేపు కదలలేదు.
తర్వాత చటుక్కున ఏదో కరిచి
మెడ పైకెత్తి మింగింది.
ఏమిటో నాకు కనపడలేదు.